కావలసింది రెండో గడిలో

ఆ వేసవి చివర మా ఇంట్లో ఎవరూ కుర్చీలో వెనక్కి ఆనుకొని కూర్చోలేదు. అంచున కూర్చోవడం, ఫోను మోగితే లేవడం, లేచాక ఎందుకు లేచామో మరిచిపోయి వంటింట్లోకి వెళ్ళి ఓ గ్లాసు మంచినీళ్ళు తాగి రావడం. మా మనవరాలు ఎక్కడ చదవాలన్నది తేలాలి. అది తేలేదాకా ఎవరికీ స్థిమితం లేదు.

నేను పద్ధతి ప్రకారం బతికిన మనిషిని. రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి డైరీ ముందు కూర్చుంటాను. రోజుకో పేజీ. ఎవరొచ్చారు, ఎక్కడికెళ్ళాం, వాన పడిందా లేదా. అభిప్రాయాలు రాయను. వాటికి చోటు చాలదు, పైగా మర్నాటికి మారిపోతాయి. ఆ నెల పేజీలు ఇప్పుడు తిరగేస్తే మాత్రం నా పద్ధతి చెడిందని తెలుస్తోంది. సగం రాసి కొట్టేసిన వాక్యాలు, ఒకచోట ‘రేపు అడగాలి’ అని. ఎవర్నో, ఏమనో లేదు. అందుకే జరిగింది జరిగినట్టు వరసగా ఒకసారి రాసిపెడుతున్నాను.

ముందు మా సంగతి. మేం రాయపూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ వాళ్ళం. రైల్వే వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపు, దాన్ని ఆనుకొని కాలనీ. మా ఊరు శ్రీకాకుళం జిల్లా. అక్కడికి వెళ్తే మమ్మల్ని రాయపూర్ వాళ్ళంటారు, ఇక్కడేమో ఆంధ్రావాళ్ళంటారు. నేను వర్క్‌షాపు తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. బాగుచేసిన వ్యాగన్ లైను మీదికి వెళ్ళొచ్చా, సుద్దతో ‘సిక్’ అని రాసి మళ్ళీ లోపలికి తోలాలా అన్నది తేల్చడం నా పని. మా అబ్బాయి అదే వర్క్‌షాపులో వెల్డింగ్ సెక్షన్‌లో ఉన్నాడు. నా క్వార్టర్ ఆఫీసుకి అప్పగించి, రెండు వీధుల అవతల ఉన్న వాడి క్వార్టర్‌లోకి వచ్చాం నేనూ మా ఆవిడా. వాడికి ఒక్కతే కూతురు. ఈ కథంతా ఆ పిల్లదే.

ఎకనామిక్స్ పిచ్చి దానికి ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. తొమ్మిదో తరగతిలో ఉండగా ఓ శీతాకాలం స్కూటర్ మీద ఆరంగ్ గుడికి తీసుకెళ్ళాను. దారిలో ధాన్యం కొనే కేంద్రం ముందు ట్రాక్టర్లు రోడ్డు దాకా బారు తీరి ఉన్నాయి.

“తాతా, అందరికీ ప్రభుత్వం ఒకే ధర ఇస్తాది కదా. మరి ముందు నిలబడ్డానికి ఎందుకంత తొందర?” అంది వెనకనుంచి.

తూకం, తేమ, గోనెసంచులు, గోదాములో చోటు, నాకు తెలిసినవన్నీ చెప్పాను.

“పక్క రాష్ట్రంలో ధర తక్కువైతే అక్కడి ధాన్యం ఇక్కడికి వచ్చీదేటి?”

“వస్తాదట. చాటుగా. బోర్డర్ దగ్గర పట్టుకుంటారు.”

“పట్టుకోడానికి ఖర్చవదా? ఆ ఖర్చు కన్నా ఊరుకుంటే నయం కాదా?”

గుళ్ళో ప్రదక్షిణ చేస్తున్నంతసేపూ అదే గొడవ. ఇంటికొచ్చాక వాళ్ళ నాన్ననడిగింది, స్కూల్లో టీచర్నడిగింది. ఆ టీచరెవరో, “ఇవన్నీ అడిగే చదువు వేరే ఉంది, దాన్ని ఎకనామిక్స్ అంటారు” అని చెప్పాడట. అంతే, పిల్ల ఇంక వేరే చదువు మాట ఎత్తలేదు.

కాలనీలో దీనికి పెద్ద మర్యాదేమీ దక్కలేదు. పక్క క్వార్టర్ ఆవిడ మా కోడల్ని నిలబెట్టి అడిగింది, “ఎకనామిక్సా? పాపం, ఇంజినీరింగ్ సీటు రాలేదేటి?” ఆవిడ కొడుకు మా పిల్ల కన్నా ఒక క్లాసు కింద. అందుచేత మా ఇంట్లో ఏం జరిగినా ఆవిడకి కావాలి, రేపు పనికొస్తుందని.

మా కాలనీలో ఏ ఊరి చదువునైనా మొదట రైలుతో కొలుస్తారు. ఢిల్లీ అనగానే, “డైరెక్ట్ ట్రైన్ ఉంది, ఫికర్ లేదు” అన్నారు. వేరే ఊళ్ళ పేర్లు చెబితే, “అబ్బే, మధ్యలో మారాలి, రాత్రిపూట ఆడపిల్ల” అని పెదవి విరిచారు. అలా ఢిల్లీకి మా కాలనీ ఆమోదం ముందే వచ్చేసింది. అక్కడి చదువెలా ఉంటుందని ఒక్కరూ అడగలేదు.

పిల్ల ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాసింది. మార్కులు బాగానే వచ్చాయి. ఢిల్లీలోని ఆ పెద్ద విశ్వవిద్యాలయం కింద కాలేజీలు బోలెడు. ఏ కాలేజీలో ఏ కోర్సు కావాలో కంప్యూటర్‌లో ఒకటి, రెండు, మూడు అని వరసగా గడులు నింపాలి. వాళ్ళు మార్కుల్ని బట్టి మొదటి గడి చూస్తారు. అక్కడ సీటుంటే ఇచ్చేస్తారు, లేకపోతే రెండోది, అలా కిందికి. ఒకటి ఇచ్చాక దాని కింద రాసినవాటి జోలికి పోరు. నాలుగైదు రోజులు గడువు. ఆలోగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

పిల్ల తన వరస తానే పెట్టుకుంది. మొదట దేశమంతా పేరు తెలిసిన ఒక పాత కాలేజీ, అక్కడ ఎకనామిక్స్. రెండోది ఆడపిల్లల కాలేజీ, అక్కడా ఎకనామిక్సే. పేరు అంత మోగదు గానీ పాఠాలు బాగా చెబుతారని, హాస్టల్ ఉందని కనుక్కుంది. ఆ తర్వాత ఇంకొన్ని కాలేజీలు. ఏ గడిలో చూసినా ఎకనామిక్సే.

గడువు రేపటితో ముగుస్తుందనగా మా అబ్బాయి ఆ వరస చూశాడు. చూసి, డ్యూటీ నుంచి వచ్చిన బట్టలతోనే కూర్చుండిపోయాడు.

“ఇదేటమ్మా, కావలసింది సీదా మొదటి గడిలో రాసీసావు?”

“కావలసింది కాబట్టే రాశాను నాన్నా.”

“అలాగ రాస్తే ఇస్తారేటి ఎవరైనా?”

ఇక్కడ మా వర్క్‌షాపు సూత్రం ఒకటి చెప్పాలి. బదిలీకో, కొత్త పోస్టుకో మూడు ఊళ్ళ పేర్లు రాసిమ్మంటారు. నిజంగా కావలసిన ఊరు ఎవరూ మొదట రాయరు. మొదట రాస్తే, ‘ఓహో, వీడికి ఇది కావాలన్నమాట’ అని ఆఫీసువాళ్ళకి తెలిసిపోతుంది, పట్టుబట్టి అదొక్కటీ ఇవ్వరు. అందుకని మొదటి గడిలో ఎలాగూ రాదనుకున్న ఊరు, రెండో గడిలో మనసులో ఉన్న ఊరు. ఆఫీసరు మొదటిది కొట్టేసి, నీకు అన్యాయం చేశానన్న తృప్తితో రెండోది ఇస్తాడు. కొత్తగా చేరినవాడికి టూల్స్ ఇచ్చిన రోజునే ఈ సూత్రం కూడా ఇస్తారు. నాకూ అలాగే ఇచ్చారు. నేను మా అబ్బాయికిచ్చాను.

వాడు ఆ సూత్రం ప్రకారం వరస మార్చేశాడు. మొదటి గడిలో ఆ పేరున్న కాలేజీయే, కానీ కామర్స్. రెండో గడిలో అదే కాలేజీలో ఎకనామిక్స్.

“కామర్స్ ఎందుకు?” అని పిల్ల దాదాపు అరిచింది.

“అక్కడ కామర్స్‌కి లోకమంతా ఎగబడతాది. నీకెలాగూ రాదు. అది కొట్టీసి రెండోదిస్తారు. పక్కా.”

“వస్తే?”

“రాదన్నాను కదా.”

“వచ్చీస్తే నాన్నా? మూడేళ్ళు కామర్స్ చదవాలి నేను! మిషన్‌కి నా మీద కోపమేటి, నాకు కావలసింది కొట్టీడానికి?”

“మిషన్ వెనకాల ఓ గుమాస్తా బాబు కూర్చునుంటాడు. ఎప్పుడూ ఉంటాడు.”

మార్చాలంటే ఫోనుకి ఓ నంబరు వస్తుంది, అది కొట్టాలి. ఆ ఫోను వాడిది. పిల్ల నా వైపు తిరిగింది. “తాతా, నువ్వు చెప్పు.”

పిల్ల లెక్క సరిగ్గానే కనిపిస్తోంది. అయితే మా సూత్రం నా ఒంట్లో ఇంకిపోయి ఉంది. ఉద్యోగమంతా దాన్ని నమ్మాను. పైకి ఏదో గొణిగి, డాబా మీద ఆరేసిన బట్టలు తెచ్చే పని పెట్టుకొని వెళ్ళిపోయాను. ఆ రోజు డైరీలో ఉన్నది ఇదే, ‘రేపు అడగాలి’.

ఎవర్నడగాలో పొద్దున్న లేచేసరికి తేలింది. మా బడేబాబుని. అంటే సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసులో హెడ్ క్లర్కు. మేం రాసిచ్చిన ఆ మూడు ఊళ్ళ కాగితాలు ఏళ్ళ తరబడి ఆయన బల్ల మీదుగానే వెళ్ళాయి. మా అబ్బాయి చెప్పిన ‘వెనకాల కూర్చున్న బాబు’ అంటూ ఎవరైనా ఉంటే అది ఆయనే. రిటైరయ్యాక ఆరంగ్ దారిలోని మందిర్ హసౌద్‌లో కొడుకు కట్టిన ఇంట్లో ఉంటున్నాడు. ఎనభై దాటాయి. కాఫీ కూడా తాగకుండా స్కూటర్ తీశాను.

ఆ దారి నాకు కొత్త కాదు, కానీ ఆ పొద్దున చాలా పొడుగనిపించింది. ముందు లారీ, వెనక లారీ. ఒక్కో గేటు దగ్గర ఆగినప్పుడల్లా సాయంత్రం అయిదింటి గడువే గుర్తొస్తోంది. ఆయన ఊళ్ళో ఉంటాడా, ఉన్నా గుర్తుపడతాడా, ఫోను చేసి రావలసింది కదా. ఇన్ని ఆలోచనలతో వెళ్ళేసరికి ఆయన వరండాలో పేపరు పరుచుకొని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు.

“ఎవరూ? తనిఖీ తమ్ముడేనా? ఏటి, నన్ను పాస్ చేస్తావా, సిక్ రాసీసి పోతావా?” అన్నాడు తలెత్తి.

కుశలాలు అయ్యాయనిపించి సంగతి చెప్పాను. మనవరాలు, గడులు, కామర్స్, మా అబ్బాయి పట్టు. ఆయన సగంలోనే నవ్వడం మొదలెట్టాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వాడు.

“మీ మనసులో ఏటుందో మేం కనిపెట్టీవాళ్ళమనుకున్నారా?”

“మరి?”

“మొదటి గడి చూసీవాడిని. ఆ ఊళ్ళో ఖాళీ ఉందా? ఉంటే టిక్కు. లేకపోతే రెండోది. అంతే. నేనేటి, జ్యోతిష్కుడినా?”

“కావాలని మొదటిది కొట్టేసేవారు కాదా?”

“ఎవుడికి తీరుబడి తమ్ముడూ! మీకు అపకారం చెయ్యాలన్నా కూడా కొంత కష్టపడాలి కదా. మా ఆఫీసులో అంత కష్టపడీవాడు ఉండీవాడా?”

“రెండోది వచ్చిందని ఎంతమంది చెప్పేవారండీ!”

“చెప్తారు మరి. మొదటి ఊళ్ళో ఖాళీ లేక రెండోది వచ్చినవాడు టీ కొట్టు దగ్గర మీసం తిప్పుకుంటాడు, చూశారా నా తెలివి అని. మొదటి గడిలో ఏదో తమాషాకి రాసీసి, అదే వచ్చీసినవాడు మాత్రం తిన్నగా నా దగ్గరికొచ్చి ఏడ్చీవాడు. ఆళ్ళు బయట చెప్పుకోరు.” ఓ కాయ ఈనె తీసి గిన్నెలో పడేశాడు. “నువ్వూ రాలేదేటి ఏడుస్తూ? ఖరగ్‌పూర్ ఆఫీసుకి?”

వెళ్ళాను. అప్పట్లో ఆయన ఖరగ్‌పూర్ ఆఫీసులో గుమాస్తా. అక్కడ ట్రైనింగ్ అయ్యాక నన్ను మూడు ఊళ్ళు రాయమన్నారు. నాకు కావలసింది విశాఖపట్నం. అక్కణ్ణుంచి మా ఊరు పూటలో వెళ్ళొచ్చు. పాతవాళ్ళు చెప్పిన ప్రకారం దాన్ని రెండో గడిలో రాశాను. మొదటి గడిలో, ఎన్నడూ చూడని రాయపూర్. రాయపూర్ వచ్చింది.

“ఆ ఏడు ఆఫీసరు కొత్తవాడండీ. అతనికి పద్ధతి తెలీక...” అన్నాను. ఎన్నో ఏళ్ళుగా నేను అందరికీ చెబుతున్న మాటే అది.

“ఏ కొత్త ఆఫీసరు? రాయపూర్‌లో ఖాళీ ఉంది, నువ్వు రాయపూర్ రాశావు. నేనే టిక్కు పెట్టాను.” ఆ తర్వాత కాస్త మెత్తగా, “విశాఖపట్నంలో కూడా ఉండీది ఖాళీ. నువ్వు మొదట రాసుంటే దానికే పెట్టీవాడిని,” అన్నాడు.

కొంచెంసేపు నేనూ చిక్కుడుకాయలకి ఈనెలు తీశాను. ఏమనుకోవాలో తెలియలేదు. విచారం అనలేను. రాయపూర్‌లోనే నాకు సంసారం కుదుటపడింది, కొడుకు పుట్టాడు, ఈ పిల్ల పుట్టింది. ఇందులో ఏదీ కొట్టేయాలని లేదు. కానీ ఒక గడిలో నేను ఊరికే రాసిన ఊరు అది. నిజంగా అడిగి తెచ్చుకున్నట్టు ఎవరో నా చేతిలో పెట్టారు. నేను జీవితమంతా ఇంకొకరి మీద నెపం వేస్తూ వచ్చాను. ఇప్పుడు అదే పని మా పిల్లకి జరగబోతోంది. అది తట్టగానే లేచి నిలబడ్డాను. “భోంచేసి వెళ్ళు” అంటున్నా వినకుండా స్కూటర్ దగ్గరికి నడిచాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను, ఊపిరి తిప్పుకోకుండా. ఆవిడ పోపు వేస్తోంది. వెనక్కి తిరగలేదు.

“మీరు రాసిన ఊరే మీకిచ్చారని పెళ్ళయిన కొత్తలోనే చెప్పాను కదా. అది తెలుసుకోడానికి మందిర్ హసౌద్ దాకా పెట్రోలు తగలెయ్యాలేటి?”

చెప్పింది, నిజమే. నేను దాన్ని ఎత్తిపొడుపు అనుకున్నాను.

పిల్ల కంప్యూటర్ ముందు కూర్చొని ఉంది. ఏమీ తినలేదని కోడలు చెప్పింది. వాళ్ళ నాన్న ఫోను వర్క్‌షాపులో ఎత్తడం లేదు. వెల్డింగ్ సెక్షన్‌లో ఎవరి ఫోనూ ఎవరికీ వినపడదు. నేను గేటు దగ్గరికి వెళ్ళాను. ఒకప్పుడు రోజూ దాటిన గేటు. ఇప్పుడు కార్డు లేదు కాబట్టి గార్డు లోపలికి పోనివ్వడు. కొత్త కుర్రాడు, నేనెవరో తెలియదు. లోపలికి వెళ్తున్న ఒకతనికి కబురు చెప్పి, టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. లేచాను. మళ్ళీ కూర్చున్నాను. టీ చెప్పి తాగడం మరిచిపోయాను.

మా అబ్బాయి టీ వేళకి బయటికి వచ్చాడు. కళ్ళద్దాలు నెత్తి మీద, ముఖమంతా మసి. “ఏటి నాన్నా, ఇంటి దగ్గర ఏటైనా...?”

“ఏం లేదు. బడేబాబుని కలిసొచ్చాను.” ఆయన అన్నదంతా చెప్పాను.

వాడు విన్నాడు. నమ్మలేదు. “బడేబాబు ఎప్పుడు నిజం చెప్పాడు నాన్నా? రిటైరయ్యాక మంచోడైపోయాడా?”

“ఆయన మంచోడని నేననలేదు. బద్ధకస్తుడని ఆయనే చెప్పాడు. అది నమ్మొచ్చు.”

వాడికి నవ్వు రాలేదు. బల్ల మీద నా పక్కన కూర్చొని, చేతి గ్లవ్స్ విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు.

“నేను ఒకసారి రాశాను నాన్నా. మొదటి గడిలో. నీకు చెప్పలేదు.”

“ఎప్పుడు?”

“పెళ్ళి కాకముందు. విశాఖపట్నం షెడ్డులో పోస్టులు పడ్డాయి. నువ్వు చెప్పిన సూత్రం వద్దనుకున్నాను. నాకు కావాలి, సీదాగా అడుగుదాం అనుకున్నాను. ఇవ్వలేదు. రెండోది కూడా ఇవ్వలేదు, ఇక్కడే ఉంచీసారు. అందరూ నవ్వారు, వీడు ముందే రాసీసాడట అని.” టీ గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేదు. “నా పిల్ల అలాగ అడిగి లేదనిపించుకోవడం నేను చూళ్ళేను. కామర్స్ వచ్చినా పర్వాలేదు. అడిగింది కాదన్నారని అనిపించుకోకూడదు.”

ఇన్నేళ్ళూ ఒకే కాలనీలో తిరుగుతూ నాకీ సంగతి తెలియదు. వాడికి విశాఖపట్నం కావాలని కూడా తెలియదు. నాకు కావలసిన ఊరే వాడికీ కావలసి వచ్చింది.

“అక్కడ ఖాళీ లేక రాలేదురా,” అన్నాను. “నువ్వు మొదట రాసినందుకు కాదు. రెండో గడిలో రాసినా వచ్చీది కాదు.”

“అది నీకెలా తెలుసు?”

“తెలీదు. కానీ ఇది తెలుసు. నేను అడగనిది వచ్చింది. నువ్వు అడిగింది రాలేదు. మన ఇద్దరిలో ఎవరిది నయం, నువ్వే చెప్పు.”

గేటు లోపల ఎవరో వాడి పేరు పెట్టి కేకేశారు. “వస్తున్నా రుకో!” అని కసిరి, జేబులోంచి ఫోను తీసి కూతురికి చేశాడు. స్పీకరు పెట్టాడు, నేనూ వినాలని కాబోలు.

“అమ్మా. నీకేది కావాలో చెప్పు. మొదటి గడిలో.”

అవతల నుంచి మాట లేదు. నేను గాభరా పడ్డాను, లైను పోయిందేమో అని. లైను ఉంది. మా ఇంటి ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. ముందు రోజు నుంచీ వాదించిన పిల్ల, అడిగేసరికి మూగబోయింది. అప్పటిదాకా తన పోట్లాట వాళ్ళ నాన్నతో. ఇప్పుడు పోట్లాడ్డానికి ఎవరూ లేరు. రాకపోతే తప్పు పట్టడానికీ ఎవరూ ఉండరు.

“చెప్పమ్మా. టీ టైమ్ అయిపోతోంది.”

“ఎకనామిక్స్,” అంది. “అన్నిట్లో మొదట రాసుకున్నట్టే. కామర్స్ ఎక్కడా వద్దు.”

“రాకపోతే?”

“రాకపోతే రెండోది. అక్కడా ఎకనామిక్సే కదా నాన్నా.”

“సరే. నంబరొస్తాది, చెప్తాను రాసుకో.”

నంబరు వచ్చింది. వాడు చెప్పాడు. పిల్ల తిరిగి చెప్పింది. ఒక అంకె తప్పు విన్నదని మళ్ళీ చెప్పాడు. అయిపోయిందంది. వాడు గ్లవ్స్ తొడుక్కొని, నా వంక చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

జాబితా వచ్చేదాకా రోజులు ఎలా గడిచాయో రాయడానికి నా దగ్గర పద్ధతి ఏమీ లేదు. వాన మొదలైంది. మా అబ్బాయి ఇంట్లో మాట తగ్గించాడు. పిల్ల ఒక రోజు ఆ పాత కాలేజీ ఫోటోలు చూసేది, మర్నాడు అసలు ఆ మాటే ఎత్తొద్దనేది. మా ఆవిడ దేవుడికి ఏమి మొక్కిందో చెప్పలేదు గానీ, రెండు రోజులు నాకు ఉప్పు లేని కూరలు పెట్టింది.

జాబితా ఒక ఉదయం వచ్చింది. పేరున్న కాలేజీ రాలేదు. చాలా కొద్ది తేడాతో పోయింది. రెండోది వచ్చింది, ఆడపిల్లల కాలేజీ, ఎకనామిక్స్.

పిల్ల ఏడవలేదు. కంప్యూటర్ మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ చదివింది. కోడలు దగ్గరికి తీసుకోబోతే, “ఉండమ్మా, చదవనీ” అంది. మా అబ్బాయి ఆ రోజు సెలవు పెట్టాడు. గుమ్మంలో నిలబడి తన ఫోనులో ఏదో చూస్తున్నాడు. ఏ కాలేజీలో ఏ కోర్సుకి చివరి సీటు ఎంత మార్కు దగ్గర ఆగిందో కూడా పెట్టారట. పైకీ కిందికీ తోసి, ఒకచోట ఆగిపోయాడు. తర్వాత నా పక్కకొచ్చి ఫోను నా చేతికిచ్చాడు. కళ్ళజోడు సర్దుకొని చూశాను. ఆ పేరున్న కాలేజీలో కామర్స్ చివరి సీటు మా పిల్ల మార్కు కన్నా కింద ఆగింది.

“అంటే ఆ రోజు అలాగే ఒదిలీసుంటే...” అన్నాను.

“కామర్స్ ఇచ్చీసీవారు,” అన్నాడు.

కోడలు వినేసింది. “ఏటీ? ఆ పెద్ద కాలేజీలోనే సీటొచ్చీదా?” ఆవిడ ముఖంలో ఒక్కసారి ఆశ, వెంటనే బాధ. “అయ్యో, మరి అదే ఉంచుంటే పోయేది కదా. దేశమంతా పేరు తెలిసిన కాలేజీ!”

నిజం చెప్పాలంటే నా మనసూ ఒక క్షణం అటే లాగింది. అంత పేరు మా కాలనీలో ఎవరి పిల్లలకీ రాలేదు. మా ఆవిడ కూడా ఏమీ అనకపోవడం చూసి, ఆవిడకీ అదే తోచిందనుకున్నాను.

పిల్ల వెనక్కి తిరిగింది. “కామర్స్‌లో అమ్మా.”

“కాలేజీ అదే కదా తల్లీ.”

“కాలేజీకెళ్ళి గోడలు చదువుతానా?” అంది. “నేను అడిగింది ఎకనామిక్స్. వచ్చింది ఎకనామిక్స్.” ఈసారి వాళ్ళ నాన్న కేసి చూసి, “ఒప్పుకున్నానని నొక్కనా?” అంది.

వాడు తల ఊపాడు. నొక్కింది. నొక్కాక లేచి ఇల్లంతా రెండు చుట్లు తిరిగి, ఆ రెండో కాలేజీ ఎక్కడుంది, స్టేషన్ నుంచి ఎంత దూరం, మొదటి ఏడు లెక్కలు ఎంత కష్టం, హాస్టల్లో సీటు రాకపోతే ఎలా అని అడగడం మొదలెట్టింది. ఒక గొడవ తీరిందనుకుంటే ఇంకో పది వచ్చాయి. అయితే ఇవి దాని గొడవలు, అది తెచ్చుకున్నవి.

సాయంత్రం పక్క క్వార్టర్ ఆవిడ వచ్చింది. సంగతి అప్పటికే వీధంతా తెలుసు. మా ఆవిడ పక్కన కూర్చొని, మా అబ్బాయి వినేలాగ అంది, “మొదటి గడిలో రాసీశారట కదా. అందుకే రాలేదు. వర్క్‌షాపు మనుషులై ఉండి మీరే ఇలాగ చేస్తే ఎలా అన్నయ్యా? మావాడి వరస వచ్చే ఏడు మీరు చూడొద్దులెండి, నేనే రెండో గడిలో రాయిస్తాను.”

మా అబ్బాయి బూట్లు తుడుచుకుంటున్నాడు. గుడ్డ పక్కన పెట్టాడు.

“మీవాడికేటి కావాలి చెల్లెమ్మా?”

“కంప్యూటర్.”

“మొదటి గడిలో అదే రాయించు.”

ఆవిడ వాడి ముఖం కేసి పరీక్షగా చూసింది. మావాడు వేళాకోళం ఆడే మనిషి కాదు. లేచి, కొంగు సర్దుకొని, గుమ్మం దిగుతూ మా ఆవిడతో మెల్లగా అంది, “చెప్పడం ఇష్టం లేకపోతే మానీండి అత్తా. పిల్లల విషయంలో ఇలాగ పెడదారి పట్టించకూడదు.”

మా ఆవిడకి నవ్వాగలేదు. మా అబ్బాయి మాత్రం నవ్వలేదు. “చెల్లెమ్మా, ఆగు, ఒక్క నిమిషం” అంటూ, ఫోనులో ఆ చివరి మార్కుల పేజీ వెతుక్కుంటూ, చెప్పులు కూడా వేసుకోకుండా వానలోనే వాళ్ళ గేటు దాకా వెళ్ళాడు.